పై (π), ఇ (e), √2 విలువలను వేల, లక్షల దశాంశ స్థానాల దాకా లెక్కించడం ఎలా?

పైథాన్‌లో పై విలువ అడిగితే 3.141592653589793 అని చెప్పి ఊరుకుంటుంది. ఆ తర్వాతి అంకెలు కావాలంటే ఏం చేయాలని చాలామంది అడుగుతున్నారు. కొందరైతే ఏవో సూత్రాలు పట్టుకుని వేల అంకెలు రాబట్టారు కూడా. తీరా అవి ఎక్కడిదాకా సరైనవో తేల్చుకోలేక ఆగిపోయారు.

ఈ పనిలో అంకెలు పుట్టించడం తేలిక. ఎన్నో అంకె దాకా నమ్మొచ్చో ధైర్యంగా చెప్పగలగడమే కష్టం. అందుకే కింద సూత్రాల కంటే దానికే ఎక్కువ చోటు ఇచ్చాను. పద్ధతులన్నీ మాటల్లోనే రాశాను కాబట్టి పైథాన్, జావా, సీ ప్లస్ ప్లస్, ఏది వచ్చినా వాడుకోవచ్చు. ఉదాహరణలకు మాత్రం పైథాన్ తీసుకున్నాను.

1. మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సినవి

వెయ్యి అంకెలకు, లక్ష అంకెలకు, పది లక్షల అంకెలకు దారులు వేరు. వెయ్యికి కింద చెప్పిన ఏ సూత్రమైనా పనిచేస్తుంది. లక్ష దాకా పైథాన్ సొంత పూర్ణాంకాలు కాస్త ఓపిగ్గా లాక్కొస్తాయి. ఆ పైన, పెద్ద సంఖ్యల లెక్కలు వేగంగా చేసే జీఎంపీ లైబ్రరీ కావాలి. పైథాన్ నుంచి దాన్ని వాడాలంటే జీఎంపీవై2 అనే ప్యాకేజీ ఉంది.

మెమరీ గురించి చాలామంది అనవసరంగా భయపడతారు. ఒక దశాంశ అంకెకు దాదాపు 3.32 బిట్లు పడతాయి. అంటే పది లక్షల అంకెల సంఖ్య దాచడానికి 415 కిలోబైట్లు చాలు. వంద కోట్ల అంకెలకు 415 మెగాబైట్లు. లెక్క మధ్యలో దానికి కొన్ని రెట్లు అవసరమవుతుంది. పది లక్షల దాకా మామూలు ల్యాప్‌టాప్ ఎక్కువే.

- ఏ స్థిరాంకం, ఎన్ని అంకెలు అన్నది కాగితం మీద రాసుకున్నారా?
- పైథాన్ 3.8 లేదా ఆ తర్వాతి వెర్షన్ ఉందా? (పూర్ణాంక వర్గమూలం ఫంక్షన్ అప్పటి నుంచే ఉంది.)
- లక్ష దాటాలనుకుంటే జీఎంపీవై2 ఇన్‌స్టాల్ చేశారా?
- సరిచూడటానికి రెండో సూత్రం ముందే ఎంచుకున్నారా?

అంకెలు వస్తే చాలు, ఎలా వచ్చాయన్నది అక్కర్లేదు అనుకునేవాళ్లకు ఎంపీమ్యాథ్ ప్యాకేజీలో కచ్చితత్వం ఎంతో చెప్పి పై అడిగితే సరిపోతుంది. కోట్లలో కావాలంటే వై-క్రంచర్ అనే ప్రోగ్రాం ఉంది. మిగతాది సొంతంగా చేయాలనుకునేవాళ్ల కోసం.

2. దశాంశ బిందువును మరచిపోండి

మామూలు ఫ్లోట్ సంఖ్యలో (కంప్యూటర్ దశాంశ బిందువుతో దాచేది) దాదాపు 16 అంకెలే పడతాయి. దాంతో ఎన్ని పదాలు కూడినా 17వ అంకె రాదు. కాబట్టి మొత్తం లెక్క పూర్ణాంకాలతోనే చేయాలి.

10 దశాంశ స్థానాలు కావాలంటే 1 అనే చోట 10000000000 పెట్టుకుని లెక్క మొదలుపెట్టండి. ప్రతి భాగహారంలోనూ శేషం వదిలేసి భాగఫలం మాత్రమే ఉంచండి. చివర్లో బిందువును మనమే పెడతాం. ఈ పెద్ద సంఖ్యను ఇక నుంచి 'స్కేలు' అందాం.

ఒక జాగ్రత్త: పైథాన్‌లో పూర్ణాంక భాగహారానికి రెండు గీతల గుర్తు వాడాలి. ఒక గీత వాడితే జవాబు ఫ్లోట్ అయిపోతుంది, పడ్డ శ్రమంతా 16 అంకెల దగ్గర కుప్పకూలుతుంది. ఇంకొకటి, ఋణ సంఖ్యను భాగిస్తే పైథాన్ సున్నా వైపు కాకుండా కిందికి కోస్తుంది. అందుకే పదాలన్నీ ధనాత్మకంగానే ఉంచుకుని, అవసరమైనచోట తీసివేయండి.

3. ముందు చేత్తో: ఇ విలువ 10 స్థానాలకు

ప్రోగ్రాం రాయకముందు ఒక్కసారి ఇది కాగితం మీద చేయండి. ఇ = 1 + 1/1! + 1/2! + 1/3! + … కాబట్టి ఫ్యాక్టోరియల్స్ విడిగా కట్టాల్సిన పనిలేదు. ముందు పదాన్ని వరుసగా 1, 2, 3, 4లతో భాగించుకుంటూ పోతే చాలు.

కావాల్సింది 10 స్థానాలు. మరో 3 అదనంగా కలిపి స్కేలు 10000000000000 (1 పక్కన 13 సున్నాలు) తీసుకుందాం.

- 0వ పదం: 10000000000000
- 1తో భాగిస్తే: 10000000000000
- 2తో: 5000000000000
- 3తో: 1666666666666
- 4తో: 416666666666
- 5తో: 83333333333
- 6తో: 13888888888
- 7తో: 1984126984
- 8తో: 248015873
- 9తో: 27557319
- 10తో: 2755731
- 11తో: 250521
- 12తో: 20876
- 13తో: 1605
- 14తో: 114
- 15తో: 7
- 16తో: 0, ఇక్కడ ఆపాలి

అన్నీ కూడితే 27182818284583 వస్తుంది. అంటే 2.7182818284583. అసలు విలువ 2.7182818284590… మనకు చివర్లో 7 తగ్గింది. ప్రతి భాగహారంలో శేషాలు వదిలేశాం కదా, అవన్నీ కలిసి ఆ 7 అయ్యాయి.

చివరి మూడు అంకెలు, 583, కోసేయండి. మిగిలిన 2.7182818284 పూర్తిగా సరైనది.

4. అదనపు అంకెలు ఎన్ని ఉంచాలి?

3వ అంచెలోని ఉదాహరణలో 583ను కోసేసి, మిగతావి సరైనవే అని ఎలా అన్నాం? అసలు విలువ చూసి కాదు. ప్రతి పదంలో పొరపాటు 2 యూనిట్ల (చివరి స్థానంలో 1 అంటే ఒక యూనిట్) లోపే ఉంటుందని తేలిగ్గానే చూపించవచ్చు: ముందు పదంలోని తేడాను కూడా భాగిస్తాం కాబట్టి అది తగ్గిపోతుంది, కొత్తగా చేరేది 1 లోపు. పదాలు 16, కాబట్టి మొత్తం తేడా 32 యూనిట్లకు అటూ ఇటూ. పైగా అది ఎప్పుడూ తక్కువ వైపే. 583కు 40 కలిపినా 623, 1000 దాటదు. కాబట్టి దాని ఎడమ పక్క అంకె మారే అవకాశమే లేదు.

ఈ వాదన ప్రతి లెక్కకూ చేయాలి. అదే 583 చోట 985 వచ్చి ఉంటే? 40 కలిపితే 1025, ఎడమ పక్కకు 1 వెళ్తుంది. అప్పుడు జవాబు నమ్మకూడదు, అదనపు అంకెలు పెంచి మళ్లీ నడపాలి.

నా లెక్కలో పద్ధతి ఇది:

- మొత్తం పదాల సంఖ్యలో ఎన్ని అంకెలున్నాయో చూడండి. వెయ్యి లోపు పదాలంటే 3.
- చివర్లో ఏదైనా సంఖ్యతో గుణిస్తుంటే దాని అంకెలు కలపండి.
- పైన ఇంకో 5 వేయండి.
- జవాబులో అదనపు అంకెలు 999… లేదా 000… అని వస్తే 20 పెంచి మళ్లీ చేయండి.

5. √2: తేలికైనది, పూర్తిగా రుజువు చేయగలిగినది

2 పక్కన 2000 సున్నాలు పెట్టి పూర్ణాంక వర్గమూలం తీస్తే √2 విలువ 1000 స్థానాలకు వస్తుంది. 1000 సున్నాలు పెట్టడం ఇక్కడ మామూలుగా జరిగే తప్పు. వర్గమూలం తీస్తే సున్నాలు సగమైపోతాయి, జవాబు 500 స్థానాలకే వస్తుంది.

పైథాన్ మ్యాథ్ మాడ్యూల్‌లోని పూర్ణాంక వర్గమూలం ఫంక్షనే వాడండి, మామూలు వర్గమూలం ఫంక్షన్ వద్దు. సొంతంగా రాయాలంటే న్యూటన్ పద్ధతి: ఒక అంచనాను తీసుకుని, సంఖ్యను దాంతో భాగించి, రెంటి సగటు తీసుకోవడం. ఒక్కో దఫాకు సరైన అంకెలు దాదాపు రెట్టింపవుతాయి.

జవాబును వర్గం చేస్తే తీసుకున్న సంఖ్య కంటే ఎక్కువ కాకూడదు, దానికి 1 కలిపి వర్గం చేస్తే తప్పక ఎక్కువ కావాలి. ఈ రెండూ కుదిరితే ప్రతి అంకే సరైనదే, ఎవరి పట్టికతోనూ పోల్చక్కర్లేదు. మొదలు ఇలా ఉండాలి: 1.4142135623 7309504880 1688724209.

6. పై, మొదటి మెట్టు: మాచిన్ సూత్రం

కొన్ని వేల అంకెల దాకా ఇదే హాయి (ఆర్క్‌టాన్ అంటే టాన్ విలువ ఇస్తే కోణం చెప్పే ఫంక్షన్):

పై = 16 × ఆర్క్‌టాన్(1/5) − 4 × ఆర్క్‌టాన్(1/239)

ఆర్క్‌టాన్(1/5) కోసం వేసే అడుగులు:

- స్కేలును 5తో భాగించండి. దీన్ని 'ఘాతం' అందాం. మొత్తం కూడా ఇదే విలువతో మొదలవుతుంది.
- ఘాతాన్ని 25తో భాగించి, ఆ కొత్త విలువనే ఘాతంగా దాచండి.
- ఘాతాన్ని 3తో భాగించి, వచ్చినదాన్ని మొత్తంలోంచి తీసేయండి.
- మళ్లీ ఘాతాన్ని 25తో భాగించండి, 5తో భాగించి వచ్చినదాన్ని కలపండి. తర్వాత 7, తీసివేత. తర్వాత 9, కూడిక.
- ఘాతం 0 అయ్యేదాకా సాగించండి.

1/239కి కూడా అంతే, 25 బదులు 57121.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, 3తో, 5తో భాగించిన విలువనే ఘాతంగా దాచేస్తారు. అప్పుడు రెండో పదం దాకా లెక్క సరిగానే సాగి, మూడో పదం నుంచి చెడిపోతుంది. ఘాతం, పదం రెండూ వేర్వేరు డబ్బాల్లో ఉండాలి.

వెయ్యి అంకెలకు మొదటి శ్రేణిలో సుమారు 715 పదాలు, రెండోదాంట్లో సుమారు 210 పడతాయి. చివర్లో 16తో గుణిస్తాం కాబట్టి పొరపాటు పాతిక వేల యూనిట్ల దాకా పోవచ్చు, అంటే 5 అంకెలు. 10 అదనపు అంకెలు ఉంచితే నిశ్చింత.

7. పై, రెండో మెట్టు: చుడ్నోవ్‌స్కీ సూత్రం

మాచిన్‌తో అంకెలు రెట్టింపు చేస్తే సమయం నాలుగు రెట్లవుతుంది. లక్షల్లోకి వెళ్లాలంటే అది కుదరదు. చుడ్నోవ్‌స్కీ సోదరుల సూత్రంలో ఒక్కో పదం దాదాపు 14.18 అంకెలు ఇస్తుంది. పది లక్షల అంకెలకు 70,515 పదాలు చాలు.

ఈ పదాలను ఒకటొకటిగా కూడితే లాభం పోతుంది. వాటిని సగానికి సగం విడగొట్టి లెక్కించే 'బైనరీ స్ప్లిటింగ్' పద్ధతి వాడాలి. ప్రతి ముక్కకూ మూడు పూర్ణాంకాలు ఉంటాయి. వాటిని ప, క, ట అందాం.

ఒక్క పదమే ఉన్న ముక్క (పదం సంఖ్య న):

- న = 0 అయితే ప = 1, క = 1, ట = 13591409
- లేకపోతే ప = (6న − 5)(2న − 1)(6న − 1)
- క = న × న × న × 10939058860032000
- ట = ప × (13591409 + 545140134 × న). న బేసి అయితే ట ముందు ఋణ గుర్తు.

ఎడమ ముక్క, కుడి ముక్క కలిపేటప్పుడు:

- కొత్త ప = ఎడమ ప × కుడి ప
- కొత్త క = ఎడమ క × కుడి క
- కొత్త ట = కుడి క × ఎడమ ట + ఎడమ ప × కుడి ట

మూడో వరుసలో ఎడమ, కుడి తారుమారు కావడం చాలా మామూలు. ఆ ఒక్క వరుసను రెండుసార్లు చదువుకోండి.

చివరకు పై = క × 426880 × √10005 ÷ ట. √10005ను 5వ అంచెలో చెప్పినట్టే తీయాలి: 10005 పక్కన స్థానాలకు రెట్టింపు సున్నాలు.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది, ప, క, టలలో ఎక్కడా కోత లేకపోవడం. అన్నీ కచ్చితమైన పూర్ణాంకాలే. కోత పడేది వర్గమూలంలో, చివరి భాగహారంలో మాత్రమే. 20 అదనపు అంకెలు ఉంచి, పదాల సంఖ్య (స్థానాలు ÷ 14.18)కు 2 కలుపుకుంటే సరి.

పెద్ద లెక్క నడపకముందు ఒకే ఒక పదంతో పరీక్షించండి. 426880 × √10005 ÷ 13591409 చేస్తే 3.141592653589734… రావాలి. అసలు పై 3.141592653589793… కాబట్టి 13 స్థానాలు కలుస్తాయి. ఇక్కడే తేడా వస్తే స్థిర సంఖ్యల్లో ఏదో అంకె తప్పు టైప్ అయింది. రెండు పదాలతో 27 స్థానాలు కలవకపోతే ప, క సూత్రాలు చూడండి.

8. ముద్రించేటప్పుడు వచ్చే తిప్పలు

లెక్క అయిపోయాక, జవాబును తెరపైకి తెచ్చే దగ్గర ప్రోగ్రాం ఆగిపోయిందని వచ్చే ఫిర్యాదులు తక్కువేం కాదు.

పైథాన్ 3.11 నుంచి 4300 అంకెలు దాటిన పూర్ణాంకాన్ని అక్షరాలుగా మార్చమంటే వాల్యూ ఎర్రర్ ఇస్తుంది. భద్రత కోసం పెట్టిన పరిమితి అది. సిస్ మాడ్యూల్‌లో ఆ పరిమితిని 0గా పెడితే తొలగిపోతుంది.

పరిమితి తీసినా లక్షల అంకెలు మార్చడం నెమ్మదిగా సాగవచ్చు. లోపల సంఖ్య బైనరీలో ఉంటుంది, దశాంశంలోకి మార్చడమే ఒక పెద్ద లెక్క. జీఎంపీవై2 సంఖ్యలనే వాడుతూ, దాని సొంత మార్పిడి ఫంక్షన్‌తోనే రాయించండి.

ఇంకొకటి సున్నాలు మాయం కావడం. పై అంకెలను పదేసి విడగొడితే ఎనిమిదో గుంపు 0628620899. దాన్ని పూర్ణాంకంగా ముద్రిస్తే 628620899 అని తొమ్మిదే వస్తాయి, తర్వాతివన్నీ ఒక స్థానం జరిగిపోతాయి. ముందు మొత్తం అక్షరాలుగా మార్చి, ఆ తర్వాతే గుంపులు చేయండి.

9. సరిచూసుకోవడం

విలియం షాంక్స్ 1873లో పై విలువను 707 స్థానాలకు ప్రకటించాడు. 528వ స్థానం నుంచి అంకెలు తప్పని 1940లలో ఫెర్గూసన్ తేల్చేదాకా ఎవరికీ తెలియదు. మొదటి అంకెలు సరిపోయాయి కదా అనే భరోసా ఎంత పనికిరానిదో దీన్నిబట్టి తెలుస్తుంది.

అందుకే చూడాల్సింది చివరి అంకెలు:

- పై 762వ స్థానం నుంచి ఆరు తొమ్మిదులు వరుసగా రావాలి (…72113499999983729780…).
- వెయ్యి స్థానాలకు కోస్తే చివర …64201989.
- పది లక్షల స్థానాలకు కోస్తే చివర …5779458151.

వేరే ఏదో సంఖ్య దగ్గర ఆపినప్పుడు ఈ గుర్తులు పనికిరావు. అప్పుడు రెండో సూత్రంతో మళ్లీ లెక్కించి చివరిదాకా పోల్చాలి. పైకి నేను సూచించేది రామానుజన్ 1914 సూత్రం. ఒక్కో పదానికి దాదాపు 8 అంకెలిస్తుంది, 1985లో గోస్పర్ కోటి డెబ్భై లక్షల అంకెలు దాంతోనే తీశాడు. అందులో √10005 బదులు √2 వస్తుంది కాబట్టి వర్గమూలం కూడా వేరుగా సరిచూసినట్టవుతుంది. ఒకే ప్రోగ్రాంను రెండుసార్లు నడిపితే అది సరిచూడటం కిందికి రాదు, అదే తప్పు మళ్లీ చక్కగా వస్తుంది.

ఫైల్లోకి రాసిన అంకెలను విడిగా పరీక్షించండి. బడిలో గుణకారం సరిచూడటానికి తొమ్మిదులు తీసేసేవాళ్లం. అదే ఉపాయం ఇక్కడ పెద్ద ఎత్తున పనికొస్తుంది. లోపలి బైనరీ సంఖ్యను ఒక పెద్ద ప్రధాన సంఖ్యతో, ఉదాహరణకు 2305843009213693951తో, భాగించి శేషం రాసుకోండి. ఫైల్లోని అంకెలను ఎడమ నుంచి చదువుతూ, అప్పటిదాకా వచ్చిన శేషాన్ని 10తో గుణించి కొత్త అంకె కలిపి, మళ్లీ అదే ప్రధాన సంఖ్యతో శేషం తీసుకుంటూ పోండి. చివరికి రెండు శేషాలూ ఒకటే కావాలి.

10. లక్షణం చూసి తప్పు పట్టడం

- 15, 16 అంకెల తర్వాత అంతా తేడా: ఎక్కడో ఫ్లోట్ దూరింది. ఒక గీత భాగహారం, మామూలు వర్గమూలం వెతకండి.
- చివరి మూడు నాలుగు అంకెలే తప్పు: అదనపు అంకెలు కోయడం మరిచారు, లేదా చాలలేదు.
- సగం దాకా సరిగ్గా వచ్చి అక్కడి నుంచి తప్పు: పదాలు చాలలేదు, లేదా వర్గమూలంలో సున్నాలు రెట్టింపు చేయలేదు.
- చివరి అంకె ఒక్కటే 1 ఎక్కువ: మీరు పోలుస్తున్న విలువను సవరించి రాసి ఉంటారు. పై 10 స్థానాలకు కోస్తే …6535, సవరిస్తే …6536. ఎప్పుడూ కోసిన విలువతోనే పోల్చండి.
- రికర్షన్ ఎర్రర్ (ఫంక్షన్ తనను తానే మరీ లోతుగా పిలుచుకుంటోందన్న ఫిర్యాదు): బైనరీ స్ప్లిటింగ్‌లో ముక్కలు సగానికి విడిపోవట్లేదు. 70 వేల పదాలకు లోతు 17 మెట్లే ఉండాలి.
- అంకెలు రెట్టింపు చేస్తే సమయం నాలుగు రెట్లు: జీఎంపీ సంఖ్యలు కాకుండా పైథాన్ మామూలు సంఖ్యలు వాడుతున్నారు, లేదా ముద్రణ దగ్గర ఆలస్యమవుతోంది. ఒక్కో అంచెకు విడిగా సమయం చూడండి. అంతా సరిగా ఉంటే రెండు రెట్ల కంటే కాస్తే ఎక్కువ కావాలి.

11. మిగతా స్థిరాంకాలు

స్వర్ణ నిష్పత్తికి √5 తీసి, 1 కలిపి, సగం చేయడమే.

ఇ విలువను లక్షల దాకా తీయాలంటే 3వ అంచెలోని శ్రేణినే బైనరీ స్ప్లిటింగ్‌లో పెట్టండి. సరిచూడటానికి 1/ఇ శ్రేణి (గుర్తులు మార్చుకుంటూ పోయేది) విడిగా లెక్కించి రెంటినీ గుణిస్తే 1 రావాలి.

సహజ లాగరిథమ్ 2 కోసం మాచిన్ తరహా సూత్రం ఉంది: 18 × ఆర్‌టాన్‌హెచ్(1/26) − 2 × ఆర్‌టాన్‌హెచ్(1/4801) + 8 × ఆర్‌టాన్‌హెచ్(1/8749). 6వ అంచెలోని అడుగులే వేస్తూ, కూడికలు తీసివేతలు మార్చకుండా అన్ని పదాలూ కూడితే ఆర్‌టాన్‌హెచ్ వస్తుంది. వేల అంకెల దాకా సరిచూడటానికి 2 × ఆర్‌టాన్‌హెచ్(1/3) చాలు. మొదలు: 0.6931471805 5994530941.

ఆయిలర్ గామా (0.5772156649…) జోలికి మాత్రం ఇవన్నీ చేతికి వచ్చాకే వెళ్లండి. దానికి పై లాంటి వేగమైన సూత్రం లేదు. బ్రెంట్, మెక్‌మిలన్ 1980లో ఇచ్చిన పద్ధతి వాడాలి. అందులో లాగరిథమ్ కూడా అన్ని స్థానాలకూ కావాలి కాబట్టి, ముందు పైన చెప్పిన లాగరిథమ్ 2 ప్రోగ్రాం సరిచూసి పక్కన పెట్టుకోండి.